తాళం వేసిన ఇంట్లో కుక్కపిల్ల: ప్యాడ్, ప్లాస్టిక్ గడ్డి, పచ్చగడ్డి - మూడూ వాడి చూశాను

నమస్కారం. ముందుగా ఈ పట్టా చూడండి. కాళ్ళు తుడుచుకునే పట్టా, మా స్నానాల గది ముందుది. ఉతికి ఉతికి అంచులు ఊడిపోయాయి. మార్చి నుంచి మే దాకా కనీసం నలభై సార్లు ఉతికి ఉంటాను. మట్టి కాళ్ళతో దీన్ని ఎవరూ తొక్కలేదు. మా కుక్కపిల్ల జున్ను దీన్ని తన మరుగుదొడ్డి అనుకున్నాడు, అంతే. అలా అనుకోవడం వాడి తప్పు కాదు. నేను కొన్న ఒక వస్తువే వాడికి ఆ పాఠం నేర్పింది. ఆ వస్తువు గురించి, దాని తరువాత కొన్న మరో రెండింటి గురించి చెబుతాను. ఇవి నాకు ఎవరూ ఉచితంగా పంపలేదు, అన్నీ సొంత డబ్బుతో కొన్నవే. అందుకే ఇంత కోపం.

మేముండేది మియాపూర్‌లో, నాలుగో అంతస్తులో. ఇద్దరమూ ఉద్యోగాలకు వెళతాం. ఉదయం మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగాలి. సాయంత్రం మళ్ళీ అదే దారి. తాళం వేసినప్పటి నుంచి తీసేదాకా పది గంటలు. ఫిబ్రవరిలో జున్ను ఇంటికి వచ్చేనాటికి వాడికి రెండు నెలలు. అమ్మినాయన పామెరేనియన్ అన్నాడు. మన దగ్గర తెల్లగా బొచ్చుగా కనిపించే ప్రతి చిన్న కుక్కా పామెరేనియనే కదా! వాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. మావాడూ ఆ జాతే అని పశువైద్యులు తరువాత చెప్పారు.

కుక్కలకు శిక్షణ ఇచ్చేవాళ్ళు ఒక లెక్క చెబుతారు. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలపాలి, సుమారుగా అన్ని గంటలు అది ఆపుకోగలదు. రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అదీ ఊరికే పడుకుని ఉంటేనే. నిద్ర లేచిన వెంటనే, తిన్న కాసేపటికి, ఆడి అలసిన మరుక్షణం వెళ్ళి తీరాలి. అంటే పది గంటలు తాళం వేసి ఉండే ఇంటికి మూడు గంటలు ఆగే పిల్లను తెచ్చుకున్నాం. ఈ కూడిక వాడిని తెచ్చుకోకముందే వేయవలసింది. వేయలేదు.

బయట తిప్పవచ్చు కదా అంటారేమో. టీకాల వరుస పూర్తయ్యేసరికి పిల్లకు నాలుగు నెలలు నిండుతాయి. అప్పటిదాకా వీధికుక్కలు తిరిగే మట్టిలో దింపితే పార్వో అనే ప్రాణాంతక వ్యాధి భయం. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికి ఉంటుంది. మా సందులో ఎన్ని వీధికుక్కలున్నాయో నేను లెక్కపెట్టడం మానేశాను. కాబట్టి ఏ ఏర్పాటు చేసినా ఇంట్లోనే.

మొదటిది ప్యాడ్. పసిపిల్లల డైపర్‌ను విప్పి పరిచినట్టు ఉంటుంది. పైన గుడ్డలాంటి మెత్తని పొర, మధ్యలో తడి తగలగానే ఉబ్బే గుళికలు, అడుగున ప్లాస్టిక్. నాకు ఒక్కొక్కటి పాతిక రూపాయల దాకా పడింది. రోజుకు మూడు. నెలకెంతో మీరే వేసుకోండి. మొదటి వారం చాలా బాగుంది. సాయంత్రం వచ్చేసరికి పసుపు మచ్చలన్నీ ప్యాడ్ మీదే. మా అమ్మకు ఫోను చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

రెండో వారంలో ఒక రోజు తలుపు తీసేసరికి హాలంతా సగ్గుబియ్యం పాయసం ఒలికినట్టు ఉంది. ప్యాడ్‌ను చీల్చి, ఉబ్బిన గుళికలన్నీ నేల మీద పరిచి, మధ్యలో కూర్చుని తోక ఊపుతున్నాడు. నవ్వుకునే విషయం కాదది. ప్యాడ్ ముక్కలు మింగితే పేగులకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ఆ రాత్రంతా వాడి పొట్ట తడుముతూ కూర్చున్నాను. ఇప్పుడు అంచులు బిగించి పట్టే చట్రాలు దొరుకుతున్నాయి. ప్యాడ్ కొనేవాళ్ళు ఆ చట్రం కూడా కొనాలి.

అసలు తంటా ఆ తరువాత వచ్చింది. మూడో నెల దాటాక స్నానాల గది పట్టా, వంటగది పట్టా, కుర్చీ మీది నుంచి జారిపడిన నా చున్నీ, అన్నీ తడవడం మొదలైంది. ప్యాడ్ పక్కనే ఉంది, శుభ్రంగా ఉంది, అయినా పట్టా మీదే. నేను చాలా రోజులు మొండితనం అనుకున్నాను. ఒక ఆదివారం నేల మీద కూర్చుని వాడిని గమనించాను. ముక్కు నేలకు ఆనించి ఒక చుట్టు తిరిగాడు. గచ్చు మీద ఆగలేదు. పట్టా అంచు ముందరి కాలికి తగిలింది. ఆ కాలు కాస్త నొక్కి చూశాడు, మెత్తగా దిగింది. వెంటనే రెండో కాలు కూడా పెట్టాడు, వెనక్కి వంగాడు, పని అయిపోయింది. అప్పుడు అర్థమైంది. వాడు చోటు నేర్చుకోలేదు, స్పర్శ నేర్చుకున్నాడు. కుక్కపిల్లలకు చిన్నప్పుడు ఏ నేల అలవాటైతే ఆ నేలనే పాదం వెతుక్కుంటుంది. గుడ్డలాంటి ప్యాడ్ మీద నేర్పిన నేను, ఇంట్లో ఉన్న ప్రతి గుడ్డనూ వాడికి రాసిచ్చినట్టే.

అందుకే ప్యాడ్‌కు నా మార్కులు పదికి మూడు. పట్టాలు, తివాచీలు లేని ఇల్లయితే ఐదు. ముసలి కుక్కకో, శస్త్రచికిత్స అయిన కుక్కకో అయితే నిస్సంకోచంగా కొనండి.

రెండోది ప్లాస్టిక్ గడ్డి. పైన గడ్డి, కింద జల్లెడలాంటి పలక, దాని కింద నీళ్ళు దిగే ట్రే. ఆలోచన మంచిదే. పాదానికి గుచ్చుకునే ఆ స్పర్శ ఇంట్లో మరెక్కడా ఉండదు. జున్ను వారంలో అలవాటుపడ్డాడు, పట్టాలు ఆరడం మొదలుపెట్టాయి. అయితే మేం దాన్ని బాల్కనీలో పెట్టాం, మా బాల్కనీ పడమటి వైపు, నెల మే. మధ్యాహ్నం మూడింటికి ఆ గడ్డి మీద చెయ్యి పెట్టి చూడండి, పెనం మీద పెట్టినట్టే. ప్లాస్టిక్ గడ్డి చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుంది. వాడు ఒక కాలు పెట్టి, తీసి, లోపలికి వచ్చి సోఫా మూల చూసుకున్నాడు. వాడిని ఏమంటాం? పైగా రోజూ కడగకపోతే గడ్డి మొదళ్ళలో నిలిచిన మూత్రం కంపు కొడుతుంది. నీడ ఉండే ఇల్లయి, రోజూ కడిగే ఓపిక ఉంటే పదికి ఆరు.

మూడోది పచ్చగడ్డి. నర్సరీలో లాన్ కోసం అమ్మే గడ్డి పలకలు ఉంటాయి కదా, చాపలా చుట్టి ఇస్తారు. ఒక ముక్క తెచ్చి అదే ట్రేలో పరిచాను. జులై, వానలు మొదలయ్యాయి. మూత్రాన్ని మట్టి పీల్చుకుంది, వాసన తగ్గింది, కాళ్ళు కాలలేదు. మూత్రంలోని నత్రజనికి గడ్డి అక్కడక్కడ పసుపెక్కి మాడిపోతుంది. నాకు ఒక్కో పలక మూడు వారాలు వచ్చింది. ఇంకో చిన్న చిక్కు ఉంది. ఆరు నెలలు దాటాక జున్ను కాలెత్తడం మొదలుపెట్టాడు, ట్రే మీద నిలబడి గోడను తడిపేవాడు. ట్రే మధ్యలో నీళ్ళు నింపిన పాత సీసా ఒకటి నిలబెట్టాను. సరిపోయింది. పదికి ఎనిమిది.

తొమ్మిది ఎందుకు ఇవ్వలేదంటే, వినాయక చవితి ముందురోజు పక్క ఫ్లాటు పిన్నిగారు కత్తెర పట్టుకుని వచ్చారు. "మీ బాల్కనీలో గరిక బాగా పెరిగిందమ్మా, పూజకు రెండు గుప్పెళ్ళు కోసుకుంటాను" అన్నారు. నేను అడ్డంగా నిలబడిపోయాను. "వద్దు పిన్నిగారూ, అది గరిక కాదు, అది జున్నుది" అన్నాను. ఆవిడకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కత్తెర కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఈ మూడింటిలో ఏది కొన్నా, మధ్యాహ్నం మనిషి లేకపోతే దండగ. ఇది మొదట్లోనే చెబితే మీరు వీడియో ఆపేసేవారని దాచాను. మా వాచ్‌మన్ భార్య రోజూ పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి వస్తుంది. తలుపు తీసి, వాడిని ట్రే దగ్గరకు తీసుకెళ్ళి, పని అవగానే చిన్న ముక్క ఉడికించిన చికెన్ నోట్లో పెడుతుంది. అవగానే అంటే అప్పుడే, ఒకటి రెండు క్షణాల్లో. వంటగదిలోకి వెళ్ళి తెచ్చి పెడితే, వంటగదికి వచ్చినందుకు పెట్టారని వాడు అనుకుంటాడు. కిస్మిస్ మాత్రం పెట్టకండి, కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఆమెకు నెలకింత అని ఇస్తున్నాను. మూడు వస్తువుల మీద పెట్టిన డబ్బు కంటే ఆ జీతమే ఎక్కువ పనిచేసింది.

ఆమె పెట్టిన ఆజ్ఞ "కానివ్వు". ట్రే మీద నిలబెట్టి "కానివ్వు, కానివ్వు" అనేది. ఇప్పుడు ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో, ఫోనులో మా మేనేజరుగారు "సరే, కానివ్వు" అనగానే జున్ను లేచి బాల్కనీ వైపు నడుస్తాడు.

మేం లేనప్పుడు వాడు ఇల్లంతా తిరగడు. మడత కంచె ఒకటి బాల్కనీ తలుపుకు ఆనించి పెట్టాం. లోపల వాడి పడక, నీళ్ళు, అవతల ట్రే. కుక్కలు సాధారణంగా పడుకునే చోటును పాడుచేసుకోవు. చిన్న బోనులో పెరిగి వచ్చిన పిల్లలకు ఆ అలవాటు చెడిపోయి ఉంటుంది, వాటికి ఇంకాస్త ఓపిక కావాలి. తడుపుతున్నాడని నీళ్ళు తీసేయకండి. ఈ జాతి చిన్న పిల్లలను పస్తు కూడా ఉంచకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. బాల్కనీ గ్రిల్లులో తల పట్టే సందు ఉంటే ముందు వల కట్టించండి.

నేను చేసిన పెద్ద తప్పు ఏప్రిల్‌లో జరిగింది. అలసిపోయి ఇంటికి వచ్చి, తడిసిన పట్టా వాడి ముందు పెట్టి గట్టిగా అరిచాను. చెవులు వెనక్కి పెట్టి, తల దించుకున్నాడు. తప్పు తెలిసిందిలే అనుకున్నాను. అది పశ్చాత్తాపం కాదు, నా గొంతుకు భయం. ఎప్పుడో పొద్దున చేసిన పనికీ సాయంత్రం తిట్లకూ వాడి తలలో ముడి పడదు. వాడు నేర్చుకున్నది ఒక్కటే, నా కళ్ళ ముందు పోయకూడదని. ఆ తరువాత మూడు వారాల పాటు సోఫా వెనక, మంచం కింద దాక్కుని పోశాడు. నేను ఇంట్లో ఉన్న ఆదివారం నాడు కూడా ప్యాడ్ ఎక్కేవాడు కాదు. నేను అటు తిరిగి నిలబడితే గానీ పని కానిచ్చేవాడు కాదు. ముక్కు దానిలో పెట్టి రుద్దమని సలహా ఇచ్చే పెద్దలు ఇంకా ఉన్నారు. వినకండి.

శుభ్రం చేయడం గురించి ఒక్క మాట. ఫినాయిల్ మన ముక్కును మాత్రమే మోసం చేస్తుంది. మూత్రంలో వాసన పుట్టించే పదార్థాలు ఎండి అక్కడే మిగిలిపోతాయి, గాలిలో తడి పెరగగానే వాసన మళ్ళీ లేస్తుంది. మే నెలలో కడిగిన సోఫా మూల జులై మొదటి వానకు గుప్పుమంది. ఆ పదార్థాలనే విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి, పది పదిహేను నిమిషాలు నాననిచ్చి తుడవాలి. బ్లీచింగ్ మాత్రం మూత్రం మీద వేయకండి, కళ్ళూ ఊపిరీ మండించే వాయువు పుడుతుంది.

అపార్ట్‌మెంట్ సంఘాలతో గొడవ ఉన్నవాళ్ళకు: నివాస సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవని, లిఫ్టు వాడకూడదని అనలేవని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే లిఫ్టులో తడిపితే తుడవవలసింది మనమే. అన్నీ నేర్చుకున్న కుక్క ఉన్నట్టుండి మళ్ళీ ఇల్లు తడపడం మొదలుపెడితే, శిక్షణ సంగతి పక్కనపెట్టి పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉన్నా అలాగే జరుగుతుంది.

ఇప్పుడు వాడికి పది నెలలు. పట్టా తడిసి ఆరు వారాలైంది. మిగిలిన ప్యాడ్లు ఇవిగో, రెండు ప్యాకెట్లు. పారేయలేదు. టీకాకు ఆటోలో తీసుకెళ్ళేటప్పుడు బుట్ట అడుగున ఒకటి పరుస్తాను, భయానికి వాడు దారిలోనే కానిచ్చేస్తాడు.