యాభై ఏళ్ల బుల్లెట్‌కి కొత్త రూపం: ఫ్రేమ్ కోయకుండా కస్టమ్ బండి కట్టేదెలా

(షాట్: షెడ్డులో స్టాండ్ మీద పాత బుల్లెట్. ట్యాంకు మీద పొరలు పొరలుగా పెయింటు, సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది.)

నమస్తే. ఇది 1974లో రిజిస్టర్ అయిన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక కస్టమర్ దీన్ని కొని మన షెడ్డుకి తెచ్చారు. ఫోన్లో ఒక ఫొటో చూపించి అచ్చం ఇలాగే కావాలన్నారు. స్ప్రింగుల మీద కూర్చున్న ఒంటి సీటు, పొట్టి మడ్‌గార్డ్‌లు, ముదురు ఆకుపచ్చ ట్యాంకు, వీధి చివరిదాకా వినిపించే సైలెన్సర్. "వెనకాల ఫ్రేమ్ కోసేద్దామన్నా, అప్పుడే ఆ లుక్ వస్తుంది" అన్నారు.

సీటు, మడ్‌గార్డ్‌లు, రంగు ఒప్పుకున్నాం. ఫ్రేమ్ కోయడానికి, ఆ సైలెన్సర్‌కి మాత్రం ఒప్పుకోలేదు. మేం ఏ పాత బండి పట్టుకున్నా ఒకటే పద్ధతి. కొత్తగా బిగించేది ఏదైనా స్పానర్‌తో విప్పితే ఊడి రావాలి, పాతది తిరిగి దాని చోట కూర్చోవాలి. ఎందుకంత పట్టుదల అనేది ముందు చెప్తాను. ఎందుకంటే పని మొదలయ్యేది స్పానర్‌తో కాదు, ఆర్‌సీతో.

(క్లోజప్: ఫ్రేమ్ ముందు భాగం, హ్యాండిల్ గొట్టం. గుడ్డతో గ్రీజు తుడుస్తున్న చెయ్యి.)

బుల్లెట్ చాసిస్ నంబరు ఇక్కడ, హ్యాండిల్ తిరిగే గొట్టం మీద కొట్టి ఉంటుంది. ఇంజిన్ నంబరు ఎడమ పక్క, బ్యారెల్ (పిస్టన్ ఆడే గొట్టం) కింద క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు డబ్బా) మీద. జిడ్డు తుడిచి, పైన సెల్లో టేప్ అంటించి, పెన్సిల్‌తో రుద్దితే అంకెలు టేపు మీదకి దిగుతాయి. ఆర్టీఏ ఆఫీసులో పెన్సిల్ ప్రింట్ అంటారే, అదే. ఆ అంకెల్ని ఆర్‌సీలో ఉన్నవాటితో ఒక్కొక్కటిగా పోల్చండి. అంకెల చుట్టూ ఇనుము అరగదీసినట్టు నున్నగా ఉన్నా, ఒక అంకె మిగతావాటికంటే లోతుగా ఉన్నా, పని అక్కడే ఆపండి. నంబరు తేడా ఉన్న బండి మీద ఎంత డబ్బు పోసినా అది రోడ్డెక్కే బండి కాదు. కస్టమర్‌కి ఈ మాట చెప్పడం కష్టమే, కానీ అడ్వాన్స్ తీసుకున్నాక చెప్పేకంటే ముందే చెప్పడం నయం. ఈ బండికి రెండు నంబర్లూ సరిపోయాయి.

(తెర మీద: మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52)

ఇక చట్టం. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సెక్షన్ 52 చెప్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయం గట్టిగా చెప్పింది. రంగు మార్చొచ్చు, కానీ ఆర్‌సీలో రంగు కూడా రాసి ఉంటుంది కాబట్టి దాన్నీ మార్పించుకోవాలి. ఫ్రేమ్ కోత రంగు మార్చినంత తేలిక కాదు. ఒకసారి కోసిన గొట్టాన్ని మళ్ళీ వెల్డింగ్ పెట్టి అతికించినా అది కంపెనీ ఫ్రేమ్ అనిపించుకోదు, వెల్డింగ్ పక్కన ఇనుము బలం కూడా మునుపటిలా ఉండదు.

ఈ బండి విషయంలో ఇంకో సంగతి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి విడిగా రూల్స్ తెచ్చింది. మొదటిసారి రిజిస్టర్ అయ్యి 50 ఏళ్లు దాటిన బైకులు, కార్లు ఆ కోవలోకి వస్తాయి. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయడానికి ఫీజు 20,000 రూపాయలు, సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. షరతేంటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పైగా ఆ నంబరు మీద రోజూ తిరగడం కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అలాంటివాటికే.

మన కస్టమర్‌కి ప్రతి ఆదివారం వికారాబాద్ వైపు వెళ్లి రావాలని ఉంది. కాబట్టి ఇప్పుడున్న మామూలు ఆర్‌సీ మీదే ఉంచుకుంటానన్నారు. రేపు మనసు మారితే? లేదా ఈ బండిని కొనే ఇంకొకరికి వింటేజ్ నంబరు కావాలంటే? ఈ రోజు ఫ్రేమ్ కోస్తే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఇదంతా కూర్చోబెట్టి చెప్పాక ఆయనే "కోయొద్దులే అన్నా" అన్నారు.

(షాట్: ఇంజిన్ దించుతున్నారు. గేర్ బాక్స్ విడిగా, ఇంజిన్ విడిగా బల్ల మీద.)

చూశారా, గేర్ బాక్స్ వేరు, ఇంజిన్ వేరు. మధ్యలో చైను. ఈ డిజైన్ ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ ఊళ్లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీది. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దు గస్తీకి 350 బుల్లెట్లు తెప్పించుకుంది. ఆ తర్వాత 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై, తిరువొత్తియూర్‌లో తయారీ నడిచింది. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతపడినా మద్రాసులో పని ఆగలేదు. ఇనప బ్యారెల్ ఇంజిన్ 2000ల చివరిదాకా పెద్దగా మారకుండా వస్తూనే ఉంది. మనకి దీనివల్ల పెద్ద లాభం. 1974 బండికి కావాల్సిన సామాన్లలో చాలా వరకు ఇప్పటికీ దొరుకుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడగండి. అక్కడ లేకపోతే ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి తెప్పించుకోవచ్చు. అయితే సామాను దొరికినంత మాత్రాన పని అయిపోదు. కొత్త సామాన్లలో నాసిరకం చాలా ఉంటుంది. పాత ఒరిజినల్ భాగం ఇంకా కొలతలో ఉంటే మేం దాన్నే శుభ్రం చేసి వాడతాం.

ఎస్టిమేట్ గురించి ఒక మాట. ఇంజిన్ విప్పకముందు మొత్తం లెక్క చెప్పేవాళ్లని నమ్మకండి. మేం రెండు భాగాలుగా ఇస్తాం. బయటి పని లెక్క ముందే రాసిస్తాం, ఇంజిన్ లెక్క మాత్రం విప్పి కొలిచాక, కస్టమర్‌ని పిలిచి చూపించి చెప్తాం.

(క్లోజప్: బ్యారెల్ లోపల బోర్ గేజ్ తిరుగుతోంది.)

ఈ ఇంజిన్ బోర్, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 90. మొత్తం 346 సీసీ. స్ట్రోక్ పొడవు కాబట్టే ఆ నిదానమైన దెబ్బ, తక్కువ స్పీడ్‌లోనే లాగే బలం. ఇక్కడ కొలుస్తున్నది అరుగుదల. బ్యారెల్ పైనా మధ్యలోనా కిందా, ప్రతిచోటా రెండు దిక్కుల్లో కొలవాలి. అరిగిన బోర్ గుండ్రంగా ఉండదు, ఒక దిక్కున కోలగా సాగిపోతుంది. అలాంటిదాంట్లో కొత్త పిస్టన్ రింగులు వేస్తే కొన్నాళ్లకే మళ్ళీ పొగ. ఇది కూడా కోలగానే ఉంది. అందుకని లేత్‌కి పంపి బోరింగ్ చేయించి, అంటే లోపలి గోడ గుండ్రంగా గీయించి, ఓవర్‌సైజ్ (కొంచెం పెద్ద) పిస్టన్ వేస్తున్నాం.

లేత్‌వాళ్లకి బ్యారెల్ ఒక్కటే ఇచ్చి రాకండి, వేయబోయే పిస్టన్ కూడా చేతికివ్వండి. పిస్టన్ అల్యూమినియం, బ్యారెల్ పోత ఇనుము. వేడెక్కితే అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా బిగుతుగా కూర్చుందని సంబరపడితే, ఎండలో కొంత దూరం పోయాక అదే పిస్టన్ బ్యారెల్‌ని పట్టేస్తుంది. వెనక చక్రం లాక్ అవుతుంది. అందుకే ఆ పిస్టన్‌ని కొలిచి, దానికి తగ్గ సందు వదిలి బోర్ చేయాలి.

(షాట్: హెడ్ బిగించాక, పుష్ రాడ్ల మూత తెరిచి ఉంది. రెండు వేళ్లతో రాడ్ తిప్పుతున్నారు.)

ఇది నాకు చాలా ఇష్టమైన పని, టాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల్ని తెరిచే పుష్ రాడ్ల బిగువు సరిచేయడం. ఇంజిన్ చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్‌లో, అంటే రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు, పైన ఉండాలి. పుష్ రాడ్‌ని బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టుకుని తిప్పండి. తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందికీ కదలకూడదు. తిరగకపోతే వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదు. పైకీ కిందికీ ఆడితే టకటకమని చప్పుడు. గేజ్ అక్కర్లేదు, వేళ్లకే తెలుస్తుంది. లాక్ నట్ బిగించాక మళ్ళీ తిప్పి చూడండి, బిగించేటప్పుడు సెట్టింగ్ కొద్దిగా జరిగిపోతుంది.

తర్వాత పాయింట్లు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చూసే చిన్న స్విచ్చు. తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకి చేరడానికి 0.8 మిల్లీమీటర్ ముందు పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి. పాయింట్ల మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి, ఇంజిన్‌ని మెల్లగా తిప్పుతూ కాగితాన్ని చిన్నగా లాగుతూ ఉండండి. అది జారి వచ్చిన క్షణమే పాయింట్లు తెరుచుకున్నట్టు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. వేయొచ్చు, తప్పేం లేదు. కాకపోతే ఈ పాయింట్లు ఊరి బయట ఆగినా స్క్రూడ్రైవర్‌తో, కాగితం ముక్కతో సర్దుకోవచ్చు. అందుకే ఉంచేశాం.

కరెంటు మాత్రం మార్చాం. పాతది 6 వోల్టులు, రాత్రి హెడ్‌లైట్ వెలుతురులో గుంత కనిపించేసరికి గుంతలో ఉంటాం. 12 వోల్టులకి కాయిల్, బల్బులు, హార్న్, రెగ్యులేటర్, బ్యాటరీ మార్చి వైరింగ్ మొత్తం కొత్తగా లాగాం. హెడ్‌లైట్ పైన, కరెంటు ఎటు పారుతోందో చూపే అమ్మీటర్ అలాగే ఉంది. తీసిన 6 వోల్టుల సామానంతా పేర్లు రాసి పెట్టెలో సర్దాం, అది కస్టమర్‌కి ఇచ్చేస్తాం.

(షాట్: ట్యాంకు లోపల టార్చి వెలుతురు. తుప్పు.)

ట్యాంకు పైన రంగు వేసే ముందు లోపలికి చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకపోతే ఆ నీరు ఇనప ట్యాంకు అడుగున చేరి తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపుల్ని కూడా ఇథనాల్ మెత్తబరిచి పగలగొడుతుంది. తుప్పు కడిగి, పెట్రోల్ పైపులు, కాక్ వాషర్లు ఇథనాల్‌కి తట్టుకునేవి వేశాం. కార్బురేటర్ విషయానికొస్తే, ఒరిజినల్ అమాల్ కంపెనీది ఎప్పుడో పోయింది, ఎవరో మిక్‌కార్బ్ అనే వేరే కంపెనీది బిగించారు. అది బాగానే ఉంది కాబట్టి కడిగి, పెట్రోల్ వదిలే జెట్ ఒక సైజు పెంచి వదిలేశాం.

సీటు సంగతి. ఫ్రేమ్‌కి కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాలే వాడి ఒక బ్రాకెట్ చేశాం, దాని మీద స్ప్రింగ్ సీటు. ఒక్క కొత్త రంధ్రం కూడా వేయలేదు. మడ్‌గార్డ్‌లు కూడా పాతవి కోయకుండా వేరేవి తెచ్చి కుదించాం, పాతవి గుడ్డలో చుట్టి పెట్టె పక్కనే పెట్టాం. ఫొటోలో ఉన్న లుక్ వచ్చిందా అంటే, పూర్తిగా రాలేదు, ఫ్రేమ్ తోక కొంచెం కనిపిస్తుంది. నాకైతే అదే అందంగా ఉంది.

సైలెన్సర్ కంపెనీ రకమే. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు మోత సైలెన్సర్లు ఊడబీకి రోడ్ రోలర్ ఎక్కించడం మీరంతా చూసే ఉంటారు. జరిమానా సంగతి అటుంచండి, పొద్దున్నే ఆ మోతకి ఉలిక్కిపడే పసిపిల్లలు, పెద్దవాళ్లు మన వీధిలోనే ఉంటారు.

ట్యాంకు మీద బంగారు గీతలు స్టిక్కర్ కాదు, చేత్తో గీయించాం. మద్రాసు ఫ్యాక్టరీలో కూడా ఈ గీతలు చేతి బ్రష్‌తో గీసినవే. దగ్గరగా చూడండి, గీత మలుపు దగ్గర ఒక వెంట్రుకంత లావైంది. అలాగే ఉండాలి.

(షాట్: ఖాళీ మైదానం. కస్టమర్ బండి పక్కన నిలబడి ఉన్నారు.)

ఇప్పుడు అప్పగింత. తాళం చేతిలో పెట్టి పంపించేస్తే కుదరదు. ముందు కిక్ కొట్టడం నేర్పాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి కిక్కర్ మెల్లగా నొక్కుతూ అమ్మీటర్ ముల్లు చూడమన్నాను. పాయింట్లు మూసుకున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకోగానే మధ్యకి వస్తుంది. కిక్కర్ గట్టిగా ఆగిన చోట ముల్లు మధ్యలో ఉంటే పిస్టన్ పైన ఉన్నట్టు. అప్పుడు ఇంజిన్‌లో ఒత్తిడి వదిలేసే డికంప్రెసర్ లివర్ పట్టుకుని కిక్కర్‌ని ఇంకొంచెం దించి, లివర్ వదిలేసి, కిక్కర్ పైకి రానిచ్చి, ఒకే ఊపులో కిందిదాకా తొక్కాలి. ఇది చూసుకోకుండా తొక్కితే కిక్కర్ వెనక్కి కొడుతుంది, చీలమండ జాగ్రత్త. ఆయన కొన్నిసార్లు కొట్టాక పట్టు దొరికింది.

రెండోది, ప్రాణం మీదకి వచ్చేది. ఈ బండికి గేర్ కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఫస్ట్ గేర్ పైకి, మిగతా మూడూ కిందికి. కొత్త బళ్లు నడిపిన అలవాటులో ఎవరైనా అడ్డం వస్తే కుడికాలు నొక్కుతాం. ఇక్కడ కుడికాలు నొక్కితే బ్రేకు పడదు, పై గేర్ పడుతుంది. అందుకే ట్రాఫిక్‌లోకి పంపకుండా ఈ మైదానంలోనే ఆపడం, బయల్దేరడం, ఉన్నట్టుండి బ్రేకు వేయడం మళ్ళీ మళ్ళీ చేయించాం. ఆలోచించకుండా ఎడమకాలు కదిలేదాకా రోడ్డెక్కొద్దని చెప్పాను. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే, డిస్క్ బ్రేకులా వెంటనే పట్టవు. ముందు బండికి దూరం ఎక్కువ ఉంచాలి.

(తెర మీద: మొదటి 500 కి.మీ.)

మొదటి 500 కిలోమీటర్లు 50 స్పీడ్ దాటొద్దు. అలాగని ఒకే స్పీడ్‌లో గంటల తరబడి కూడా వద్దు, తగ్గిస్తూ పెంచుతూ నడపాలి, అప్పుడే రింగులు బోర్‌కి సర్దుకుంటాయి. మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వాలి. 500 అవ్వగానే బండి షెడ్డుకి తేవాలి. రాత్రంతా ఉంచి, పొద్దున చల్లటి ఇంజిన్ మీద హెడ్ నట్లు మళ్ళీ బిగిస్తాం, టాపెట్లు చూస్తాం, పాత ఆయిల్ దించి 20డబ్ల్యూ-50 పోస్తాం. దించిన ఆయిల్‌ని తెల్ల గుడ్డలో వడకట్టి చూస్తాం. సన్నటి నలుపు మామూలే. మెరిసే రేకు ముక్కలు కనిపిస్తే ఇంజిన్ మళ్ళీ బల్ల ఎక్కుతుంది, ఆ పనికి కస్టమర్ దగ్గర రూపాయి తీసుకోం. ఇది బిల్లు మీదే రాసిచ్చాం.