కిటికీలోంచి ఆకాశం

శ్రోతలందరికీ నమస్కారం. మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో ఒక సందులో ఉంది. పోయినేడాది మా వంటింటి కిటికీకి ఎదురుగా, ఉత్తరం వైపు ఉన్న మట్టి మిద్దెను పడగొట్టి మూడంతస్తులు లేపారు, అప్పటినుంచి మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరాలన్నా పట్టపగలే లైటు వేసుకోవాల్సి వస్తోంది. అది కట్టించిన ఎదురింటాయనతో ఈ మాటే అంటే, "ఎండ తగలకుంటే మంచిదే కదప్పా, ఇల్లు చల్లగుంటాది" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు, మన మే నెల చూసినవాళ్లెవరైనా అదే అంటారు. కానీ ఎండ వేరు, వెలుతురు వేరు. ఉత్తరం కిటికీకి ఎండ ఎప్పుడూ అంతంతమాత్రమే, అందులోంచి వచ్చేది ఆకాశపు వెలుతురు, మబ్బు పట్టినా వస్తుంది. మన పాత మిద్దెల్లో పైకప్పుకు కంత వదిలి గవాక్షి పెట్టుకున్నదీ ఆ వెలుతురు కోసమే కదా!

బ్రిటన్‌లో ఈ రెండింటినీ విడివిడిగా లెక్కకడతారు. పక్కవాళ్లకు అడ్డొస్తుందనుకుంటే ప్లాను ఒప్పుకునే ముందే ఆ లెక్క చూస్తారు. దానికి 1991లో ఒక మార్గదర్శి వచ్చింది, 2022లో మళ్లీ సవరించారు. అది చట్టం కాదు, కొలత మాత్రమే. కిటికీ మధ్య నుంచి 25 డిగ్రీల వాలుతో పైకి గీత గీస్తే, ఎదురు కట్టడం ఆ గీతను దాటకుంటే బాధ లేదు. దాటితే ఇంకా లోతుగా చూస్తారు: కిటికీకి అందే ఆకాశపు వెలుతురు, ఏ అడ్డూ లేని ఆరుబయట నేల మీద పడేదాంట్లో 27 శాతం కంటే తగ్గి, మునుపున్నదాంట్లో 80 శాతం కూడా మిగలకపోతే ఇంట్లోవాళ్లకు ఆ తేడా తెలుస్తుందని లెక్క. ఎండ లెక్క మాత్రం దక్షిణం వైపు చూసే కిటికీలకే.

మా సందు వెడల్పు 12 అడుగులు. ఆ కొలత ప్రకారం ఎదురు గోడ మా కిటికీ మధ్య నుంచి ఐదున్నర అడుగులకు మించి లేవకూడదు. అంటే ఇక్కడ ఎవరూ పైన అంతస్తే వేసుకోలేరు, ఆ అంకెలు మనకు అతకవు. కానీ కట్టకముందే లెక్క చూసే పద్ధతి మనకెందుకు ఉండకూడదు?

మనకూ 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది, ఈజ్‌మెంటంటే మన ఇంటి కోసం పక్కవాళ్ల స్థలం మీద మనకుండే వాడుక హక్కు. 20 ఏళ్లు అడ్డులేకుండా, గొడవ లేకుండా ఒక ఇంటికి వెలుతురు అందుతుంటే 15వ సెక్షన్ ప్రకారం అది హక్కవుతుంది. అయితే దాన్ని కోర్టులో తేల్చుకోవాలి, అప్పటికి పైన స్లాబులు వేసేసి ఉంటారు. అందుకే పక్క స్థలంలో ముగ్గు పోసిన రోజే వెళ్లి ప్లాను అడగండి, మీ కిటికీలోంచి ఆకాశం ఎంత కనిపిస్తుందో తేదీతో ఫోటో తీసి పెట్టుకోండి. నేను ఆ పని చేయలేదు.

మొన్న ఎదురింటాయనను మా వంటింట్లోకి పిలిచి లైటు ఆర్పి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా వైపు గోడకు తెల్ల సున్నం కొట్టించాడు. ఇప్పుడు దాని మీద ఎండ పడినంతసేపూ, రోజుకు మూడు గంటలైనా, అమ్మ లైటు వేయడం లేదు.