నెగెటివ్ రిపోర్టుతో గుమ్మం దాటేవారి సంగతి

సభలో ఉన్న కౌన్సెలర్లకు, ల్యాబ్ టెక్నీషియన్లకు, ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో ఏళ్ల తరబడి ఈ పని చేస్తున్న మీకు హెచ్‌ఐవీ గురించి మొదటి నుంచి చెప్పనవసరం లేదు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. పాజిటివ్ వచ్చిన మనిషిని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి చేర్చడం మనకు అలవాటైన పని. 2004 ఏప్రిల్‌లో ఉచిత మందులు మొదలైన తర్వాత అందుకు రిజిస్టర్లు వచ్చాయి, నంబర్లు వచ్చాయి, మందులు మానేసినవారి ఇంటికి వెళ్లి వాకబు చేసే మనుషులు వచ్చారు. నెగెటివ్ వచ్చిన మనిషిని మాత్రం “భయం లేదు, ఇక జాగ్రత్తగా ఉండండి” అని చెప్పి పంపించేస్తాం. పరీక్షకు వచ్చేవారిలో అత్యధికులు వీరే. వీరిలో ఎవరికి రేపు సోకే ప్రమాదం ఉందో పరీక్షకు ముందు మాట్లాడినప్పుడే మనకు తెలిసిపోతుంది. తెలిసి కూడా వదిలేయడం మన పనిలో ఉన్న అన్నిటికన్నా పెద్ద లోపమని నా అభిప్రాయం.

మన తీరం సంగతే చూడండి. గుజరాత్‌లోని వేరావల్ రేవు బోట్ల మీద పనిచేసే మన మత్స్యకారులు పడమటి తీరంలో వేట నిషేధం ఉండే జూన్, జులై నెలల్లో ఇళ్లకు వస్తారు. జూన్ నెలాఖరున ఒకరు పరీక్ష చేయించుకుంటే, “మూడు నెలల తర్వాత మళ్లీ రండి” అని మనం రాసిచ్చే తేదీకి ఆయన గుజరాత్ సముద్రంలో ఉంటారు. వైరస్ ఒంట్లో చేరిన కొత్తలో, యాంటీబాడీలు ఇంకా తయారుకాని విండో పీరియడ్‌లో, పరీక్ష నెగెటివ్‌గానే చూపవచ్చు. ఆ రోజుల్లోనే రక్తంలో వైరస్ విపరీతంగా పెరిగి, ఇంట్లో ఉన్న భార్యకు సోకే అవకాశం ఎక్కువవుతుంది. ఆమె గర్భిణి అయితే, లేదా పాలిచ్చే తల్లి అయితే, ఆ సమయంలో కొత్తగా సోకిన వైరస్ బిడ్డకు చేరే ప్రమాదం మరీ ఎక్కువ. గర్భం వచ్చిన తొలి నెలల్లో చేసిన ఒక్క నెగెటివ్ పరీక్షతో ఆమె కాగితం మూసేయడం నాకు సమ్మతం కాదు. హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రమైన ఐసీటీసీలో పరీక్ష దేశమంతటా ఉచితమే కనుక, ఆయన పనిచేసే రేవుకు దగ్గరలో ఉన్న కేంద్రం ఏదో మనమే కనుక్కుని, రైలెక్కే ముందు ఆయన చేతికి ఇవ్వాలి.

ఇక ఎక్కడికి పంపాలన్న ప్రశ్న. ప్రమాదం ఉండి నెగెటివ్ వచ్చినవారి కోసమే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం అయిదో దశలో సంపూర్ణ సురక్ష కేంద్రాలను తెచ్చారు. సుఖవ్యాధులకు సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. పుండ్లు ఉన్నచోట హెచ్‌ఐవీ సులువుగా సోకుతుంది కాబట్టి సిఫిలిస్ పరీక్ష, చికిత్స కూడా హెచ్‌ఐవీ నివారణలో భాగమే. ఒక్కసారి ప్రమాదానికి గురైనవారికి 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయన్న సంగతి చాలామందికి నాలుగో రోజున గానీ తెలియదు. ప్రమాదం పదే పదే ఎదురయ్యేవారికి ముందస్తుగా వాడే ప్రెప్ మాత్రలపై జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడ మన జిల్లాకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ప్రెప్‌లో సాధారణంగా వాడే టెనోఫోవిర్ మూత్రపిండాల ద్వారా బయటికి పోయే మందు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం గ్రామాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందో మీకు చెప్పాలా? అక్కడి మనిషికి మాత్ర సూచించే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించడం, తర్వాత కూడా చేయిస్తూ ఉండడం తప్పనిసరి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లారీ క్లీనర్‌కు నెగెటివ్ వచ్చింది. పుండు ఉందని చెప్పాడు. చర్మవ్యాధుల విభాగానికి చీటీ రాసి, గది నంబరు చెప్పి పంపాను. వరుసలో నిలబడి, ఎవరైనా ఊరివాళ్లు చూస్తారేమోనని భయపడి, వెనక్కి వెళ్లిపోయాడట. రెండేళ్ల తర్వాత వచ్చినప్పుడు పాజిటివ్ రిపోర్టు చదివి చెప్పింది కూడా నేనే. ఆ రోజు అతనితో పాటు యాభై అడుగులు నడిచి డాక్టరుగారికి అప్పగించి ఉంటే బాగుండేదన్న బాధ నన్ను ఇంకా వదల్లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రమాదం ఉన్న ప్రతి నెగెటివ్ మనిషికీ రిజిస్టరులో మరో గడి గీయండి: ఎవరికి అప్పగించాం, వారు అక్కడికి చేరారా, మళ్లీ పరీక్ష ఎప్పుడు, అప్పటికి ఎక్కడ ఉంటారు. ఫోన్ చేయవచ్చా, చేస్తే మనం ఎవరమని చెప్పుకోవాలి అన్నది వారినే అడిగి రాసుకోండి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం గోప్యతను మన బాధ్యతగా పెట్టింది, ఆశా కార్యకర్తకు కూడా ఆ మనిషి ఒప్పుకుంటేనే చెప్పాలి. ఒప్పుకోనివారికి ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు నోటికి వచ్చేదాకా చెప్పి పంపండి. నిషేధం ముగిసి బోట్లు కదిలేలోగా, వేరావల్ వెళ్లేవారి గడులన్నీ నిండి ఉండాలి.