రాక్షసుడు ఎందుకు చావడు, దేనికి చస్తాడు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది మాదాపూర్, గచ్చిబౌలి స్టూడియోల్లో బొమ్మలు వేసేవాళ్లు, గేములకి కథలు రాసేవాళ్లు. కొమ్ములూ కోరలూ ఎలా ఉండాలో మీకు నేను చెప్పక్కర్లేదు. స్కెచ్ మొదలుపెట్టేముందు మాత్రం రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి: వాడు ఎందుకు చావడు, దేనికి చస్తాడు.

భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుడి వరాన్ని షరతు షరతుగా విడదీసి చూడండి. లోపలా బయటా చావకూడదు, అందుకే ద్వారం దగ్గర చచ్చాడు. పగలూ రాత్రీ వద్దన్నాడు, అసుర సంధ్య వేళ దొరికాడు. నేలా నింగీ వద్దంటే తొడ మీద, ఆయుధం వద్దంటే గోళ్లతో. సగం మనిషి, సగం సింహం అన్న రూపం కూడా ఆ షరతుల లెక్కలోంచే వచ్చింది. పగలు, రాత్రి అన్న షరతు ఒక్కటి తీసేయండి, ఆ సన్నివేశం మిట్టమధ్యాహ్నమైనా నడిచిపోతుంది. సంధ్యవేళ ఉత్కంఠ మొత్తం పోతుంది.

ఇక కొట్టేకొద్దీ పెరిగేవాళ్లు. దేవీ మాహాత్మ్యంలో రక్తబీజుడి నెత్తురు చుక్క నేలని తాకితే అలాంటివాడే ఇంకొకడు లేస్తాడు. గ్రీకుల కథల్లోని చాలా తలల పాము హైడ్రాకి ఒక తల నరికితే రెండు మొలుస్తాయి. చిక్కు ఒకటే, విరుగుడు వేరు. చండి కొడుతుంటే కాళి ఆ నెత్తుర్ని నేల తాకనివ్వకుండా తాగేసింది. గ్రీకు వీరుడు హెరాక్లీస్ హైడ్రా తల నరకగానే అతని తమ్ముడి కొడుకు ఇయొలాస్ ఆ మెడని కాగడాతో కాల్చేశాడు. చావులేని తలని బండకింద పాతిపెట్టారు. రెండుచోట్లా ఒంటరిగా పని జరగలేదు, గమనించారా? గేములో ఇలాంటి శత్రువుని పెడితే రెండో ఆటగాడికి పని తప్పక ఇవ్వండి. ముందు రెండు మూడు దెబ్బలు వృథా కానివ్వండి, లేకపోతే నియమం ఆటగాడికి అర్థం కాదు.

ఎక్కువ స్క్రిప్టులు దెబ్బతినేది ఇక్కడే. బలం మీద బలం పెంచుకుంటూ పోయి, చివర్లో ఎక్కడా చెప్పని అస్త్రం ఒకటి దింపుతారు. చూసేవాడికి అది మోసంలాగే ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన కట్టడి రావణుడిది. దేవ, దానవ, యక్ష, నాగుల చేతిలో చావు వద్దన్నాడు. మనుషులు గడ్డిపరకలని వదిలేశాడు. ఆ సందు వాడి అహంకారమే తెరిచింది. మీ రాక్షసుడి చేత కూడా ఆ మాట మొదటి సన్నివేశంలోనే, వాడి నోటితోనే అనిపించండి.