మన నీళ్లను కొలిచే స్ఫటికం

విద్యార్థులకు, తోటి అధ్యాపకులకు నమస్కారం.

ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ అంటే ఏం చేస్తారు సార్ అని మీరు అడుగుతుంటారు. స్ఫటికాలు తయారు చేస్తాం, వాటిలో అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు, ఎలా కదులుతాయో చూస్తాం అంటే, దాంతో మనకేం పని అన్నట్టు చూస్తారు. మన నల్లగొండ జిల్లా మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు నుంచి వచ్చిన మీకు ఈ రోజు దానికి జవాబు చెప్పాలని వచ్చాను.

వంకర తిరిగిన కాళ్లు, వంగిన నడుములు మీరు ఇళ్లలోనే చూశారు. తాగే నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడే దానికి కారణం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదన్న ఈ ఫ్లోరైడ్ మన గ్రానైట్ రాళ్లలోంచే నీళ్లలోకి దిగుతుంది. రంగు లేదు, వాసన లేదు. మరి ల్యాబులో ఎలా కనిపెడతారు? పెన్ను లాంటి ఎలక్ట్రోడ్‌ను నీళ్లలో ముంచుతారు. దాని కొసన ఉండేది లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం. 1966లో అమెరికాలో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు దీన్ని ప్రకటించారు.

ఆ స్ఫటికంలో కొంచెం యూరోపియం అనే లోహం కలుపుతారు. లాంథనానికి మూడు ఫ్లోరైడ్‌లు కావాలి, దాని చోట్లో కూర్చున్న యూరోపియానికి రెండు చాలు. అంటే ఒక చోటు ఖాళీ. పక్క ఫ్లోరైడ్ అందులోకి జరుగుతుంది, దాని చోట్లోకి ఇంకొకటి. దేవరకొండ బస్సులో ముందు సీటు ఖాళీ అయితే వెనకవాళ్లు ఒక్కొక్కరే జరిగినట్టు. గట్టి రాయిలాంటి పదార్థంలో కరెంటు పోయేది ఇలాగే. నాకు ఇప్పటికీ ఇది ఆశ్చర్యమే.

నీళ్లలో ఫ్లోరైడ్ పదింతలు మారితే, 25 డిగ్రీల దగ్గర ఎలక్ట్రోడ్ చూపే వోల్టేజి సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. గది 40 డిగ్రీలుంటే అది 62 అవుతుంది. మే నెలలో నల్లగొండలో కొలిచేవాళ్లు ఈ తేడా మరిచిపోతే లెక్క తప్పుతుంది.

ఇంకో చిక్కుంది. హైడ్రాక్సైడ్ అయాన్ సైజులో ఫ్లోరైడ్‌కు దగ్గర. నీళ్లలో క్షారగుణం ఎక్కువైతే అదీ లెక్కలోకి దూరుతుంది. మన జిల్లా పేరుతోనే ఉన్న నల్లగొండ టెక్నిక్ మీకు తెలుసు. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసేసే ఈ పద్ధతిని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. పటిక, సున్నం వేసి కలిపి, తేరిన నీళ్లు తీసుకోవడం. ఆ నీళ్లలో అల్యూమినియం మిగిలితే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంటుంది, ఎలక్ట్రోడ్‌కు కనిపించనివ్వదు. నీళ్లు బాగున్నాయని మోసపోతాం. అందుకే కొలిచే ముందు ఒక బఫర్ ద్రావణం కలిపి ఆ పట్టు విడిపించాలి. శుద్ధి చేశామని చెప్పడం వేరు, చేశామో లేదో సరిగ్గా కొలవడం వేరు. ఈ రెండో పని ఫిజిక్స్ చదివిన మనది.

  

వచ్చే శనివారం ప్రాక్టికల్‌కు వచ్చేటప్పుడు మీ ఇంటి బోరు నీళ్లు తీసుకురండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ప్లాస్టిక్ బాటిల్ కడిగి తెండి. మీద ఊరి పేరు, బోరు ఎన్ని అడుగులో రాయండి. లోతు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, బోరు వేయించినవాళ్లకు గుర్తుంటుంది.