అడగకుండానే పెరగాల్సిన జీతం

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన 10 నిమిషాలూ అందులోనే అయిపోతాయి, మన్నించండి.

జీతం మీద బతికే కుటుంబాలకు ఖర్చుల భారం ఎలా తగ్గించాలో మాట్లాడమన్నారు. మూడు అంశాలు రాసుకొచ్చాను: జీతం, ఇంటద్దె, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు.

మొదట జీతం. మా అమ్మ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. రాత్రిళ్లు లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చునేది. పైన అద్దె, అట్టడుగున 'ఇతరములు'. ఆ ఇతరములంటే చేబదుళ్లని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఒకసారి ధైర్యం చేసి జీతం పెంచమని అడిగింది. "ధరలు నీ ఒక్కదానికే పెరిగాయా?" అన్నాడు సూపర్‌వైజర్.

అందరికీ పెరుగుతాయి, నిజమే. దెబ్బ మాత్రం అందరికీ ఒకేలా తగలదు. ఆదాయం తక్కువయ్యేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని 1857లోనే ఎర్న్‌స్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త లెక్కతేల్చాడు. మార్క్స్ స్నేహితుడు ఏంగెల్స్ వేరు, ఈయన వేరు. ఆదాయపు పన్ను తగ్గించామని చప్పట్లు కొట్టించుకుంటారు. పన్ను కట్టేంత జీతమే లేనివాళ్లకు అందులో ఒరిగేదేముంది?

వెనకవాళ్లకు వినబడుతోందా? సరే.

యూరప్‌లోని చిన్న దేశం లక్సెంబర్గ్‌లో ధరల సూచీ 2.5 శాతం పెరిగితే జీతాలు, పింఛన్లు కూడా అంతే పెరగాలని చట్టం ఉంది. సూపర్‌వైజర్ ముందు చేతులు కట్టుకుని నిలబడే పని లేదు. జీతాలు పెంచితే ధరలు మళ్లీ పెరుగుతాయంటారు. ఆ భయం ఉత్తదని నేననను. 2022లో వాళ్లూ ఒక పెంపును వాయిదా వేసుకున్నారు. ఇలాగే ధరలను బట్టి జీతాలు పెంచే బెల్జియం వాళ్లయితే 1994 నుంచి పొగాకు, మద్యం, పెట్రోలు, డీజిలు తీసేసి ఆ సూచీని లెక్క కడుతున్నారు. సర్దుబాట్లు చేసుకున్నారు గానీ పద్ధతిని వదులుకోలేదు.

నెలాఖరున ఎవరినీ చేబదులు అడగనివాళ్లు ఒక్కసారి చెయ్యెత్తండి. అంతేనా? మొహమాటపడకండి, ఇక్కడ సూపర్‌వైజర్ ఎవరూ లేరు.

అమ్మకు చివరికి జీతం పెరిగింది. పుస్తకంలో ఆ నెల పేజీ చూశాను. పైన అద్దె అంకె కొట్టేసి, పక్కనే పెద్ద అంకె వేసి ఉంది. నా రెండో అంశం అక్కడి నుంచే మొదలవ్వాలి. అధ్యక్షులవారి చీటీ వచ్చేసింది, కూర్చుంటాను.