చింతచెట్టు ఎన్నింటికి నిద్రపోతుంది?

(రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షరరూపం. సాయంత్రం 6 నుంచి 6.30 దాటేవరకు ప్రత్యక్ష ప్రసారం.)

వ్యాఖ్యాత: నమస్కారం. బళ్ళు తెరిచారు, వానలు మొదలయ్యాయి. పిల్లల్ని పెరట్లోకి వదలాలంటే అమ్మలకు బురద భయం. ఇవాళ మన కబుర్లు ఆ బురదలో ఉన్న చెట్ల గురించే. చిన్నపిల్లలకు చెట్టును ఎలా చూపించాలి, ఏం చూపించాలి? హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, మరి చదువుకి?

మాస్టారు: ఆ సామెత చెట్టును తిట్టింది కాదమ్మా, మనల్ని. దగ్గరున్నదాన్ని మనం లెక్కచెయ్యం అని. సరే, ఫోన్లు కలపండి.

వ్యాఖ్యాత: నల్గొండ నుంచి ఒక అమ్మ. చెప్పండమ్మా.

శ్రోత (నల్గొండ): నమస్తే సార్. మా బాబుకి ఐదేళ్ళు. పెరట్లో వేప, జామ, కరివేపాకు ఉన్నాయి. రోజూ అరగంట కూర్చోబెట్టి వేరు, కాండం, ఆకు అని చెప్తున్నా. రెండు నిమిషాలు కూడా కూర్చోడు సార్, పారిపోతాడు.

మాస్టారు: ఎక్కడికి పారిపోతాడు?

శ్రోత: ఇంకెక్కడికి, చెట్టు కిందికే. వేపపళ్ళు ఏరుకుంటాడు.

మాస్టారు: (నవ్వు) మరి పాఠం అక్కడే ఉంది కదమ్మా! మీరు అరుగు మీద కూర్చుని కాండం అంటున్నారు, వాడు వెళ్ళి కాండాన్ని పట్టుకున్నాడు. రోజూ అరగంట వద్దు. వారానికి ఒక్క రోజు, ఆదివారం అనుకోండి, పది నిమిషాలు. అదీ ఒక్క చెట్టే. మూడూ పెట్టుకోకండి. ఏ చెట్టో వాణ్ణే ఎంచుకోనివ్వండి. ఒక నోట్‌బుక్కు ఇచ్చి, పైన తేదీ మీరు వేసి, బొమ్మ వాణ్ణి వెయ్యమనండి.

శ్రోత: బొమ్మంటే ఒక గీత, పైన ఆకుపచ్చ గుండ్రం, అంతే సార్.

మాస్టారు: అంతే వెయ్యనివ్వండి. మానుకు గోధుమరంగు వేసుంటాడు, పిల్లలందరూ వేస్తారు. తప్పు అనకండి. పెన్సిళ్ళ పెట్టె తీసుకుని చెట్టు దగ్గరికెళ్ళి, ఏ రంగు కలుస్తుందో మానుకు ఆనించి చూడమనండి. వేప మాను బూడిదరంగని వాడే కనిపెడతాడు. ఇంకో ఆట ఉంది. వేపరెబ్బ, కరివేపరెబ్బ పక్కపక్కన పెట్టండి. వేపాకు అంచున రంపపు పళ్ళుంటాయి, మొదట్లో ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి జారినట్టు ఉంటుంది. కరివేపాకుకి ఆ పళ్ళు కనపడవు. తర్వాత కళ్ళు మూయించి, నలిపి వాసన చూపించండి. ఐదేళ్ళవాడికి అంతకన్నా వృక్షశాస్త్రం అక్కర్లేదు.

శ్రోత: ఇంకొక్కటి సార్. మొన్నామధ్య మా వేపచెట్టు కొమ్మల చివర్లు ఎండిపోయాయి. చెట్టు చచ్చిపోయిందని వాడు ఒకటే ఏడుపు.

మాస్టారు: ఆ ఎండు కొమ్మల బొమ్మ వేయించారా?

శ్రోత: లేదు సార్, అటు వెళ్ళనివ్వలేదు.

మాస్టారు: అది చూడాల్సిన సంగతేనమ్మా. 2021లో తెలంగాణలో ఊరూరా వేపచెట్లు అలా ఎండాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. ఒక బూజు తెగులు కొమ్మల చివర నుంచి లోపలికి పాకుతుంది. దానికితోడు లేత కొమ్మల రసం పీల్చే ఒక నల్లి లాంటి పురుగు. వానలు పడ్డాక చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి. మీ చెట్టుకి ఎండిన చోటుకి కింద ఎక్కడైనా చిగురు వచ్చిందేమో వాణ్ణి వెతకమనండి. ఏరిన పళ్ళ గింజలు కూడా కుండీలో వేయించండి, ఇప్పుడే. వేపగింజ దాచుకుంటే పనికిరాదు, కొద్ది వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది.

వ్యాఖ్యాత: థ్యాంక్యూ అమ్మా. తర్వాతి ఫోన్ అమలాపురం దగ్గర నుంచి.

శ్రోత (కోనసీమ): ఆయ్, నమస్కారమండి మాస్టారూ. నేను అడగడానికి కాదండి, చెబుదామని చేశాను. వేసవికి మా మనవడు వచ్చాడండి, తొమ్మిదేళ్ళు. తాతా, ఈ కొబ్బరిచెట్టు వయసెంత అన్నాడు. 96 తుఫానుకి తోటంతా పడిపోతే, మర్నాటి ఏడు నాటిన మొక్కరా అన్నాను. నువ్వు చెప్పావని నమ్మాలా అన్నాడండి!

మాస్టారు: గట్టివాడే! మరి ఏం చేశారు?

శ్రోత: మా దింపు కార్మికుడు వచ్చినప్పుడు చూపించానండి. మట్ట రాలిన చోటల్లా మానుకి గంటు ఉంటది కదండి. కింద వీడు లెక్కపెట్టాడు, పైన ఆయన లెక్కపెట్టాడు. 260 చిల్లర వచ్చాయి. కొబ్బరికి నెలకో మట్ట వస్తది కాబట్టి 12తో భాగించాడు. దగ్గర దగ్గర 22 ఏళ్ళు. తాత అబద్ధమాడాడని ఇల్లంతా టముకు వేశాడండి.

మాస్టారు: (గట్టిగా నవ్వి) మీ లెక్కా కరెక్టే, వాడి లెక్కా కరెక్టే. నాటిన మొదటి నాలుగైదేళ్ళు కొబ్బరికి మాను పైకి లేవదు కదండీ, మట్టలు నేలలోంచి వచ్చినట్టే ఉంటాయి. ఆ గంట్లు మనకు కనపడవు. ఆ ఏళ్ళు కూడా కలపమనండి.

శ్రోత: అదేనండి, నేనూ అదే చెప్పాను. అయితే మొక్కకి ఎన్నేళ్ళకి మాను లేస్తదో చూడాలి అని, ఇప్పుడు కొత్తగా ఒకటి నాటించాడండి. నన్ను చూస్తూ ఉండమన్నాడు. నాకు డెబ్బై నాలుగు.

మాస్టారు: మీకు హోంవర్క్ ఇచ్చాడన్నమాట. ఇంకొకటి చూపించండి. గంట్లు అన్నీ ఒకే దూరంలో ఉండవు. దూరదూరంగా ఉన్న చోట చెట్టు జోరుగా పెరిగింది, ఇరుకిరుకుగా ఉన్న చోట కష్టపడింది. ఆ చెట్టు పడ్డ కష్టం ఏ ఏటిదో మీకు గుర్తొస్తుందేమో చూడండి. ఈ వీలు మామిడికీ వేపకీ ఉండదు, కొబ్బరి లాంటి చెట్లకే.

వ్యాఖ్యాత: తాతగారూ, మనవడికి మా అభినందనలు. మియాపూర్ నుంచి ఫోన్.

శ్రోత (హైదరాబాద్): నమస్తే అండీ. మాది నాలుగో అంతస్తు ఫ్లాట్, పెరడు ఎక్కడిది! బాల్కనీలో ఒక్క కరివేపాకు కుండీ. దానికి పురుగులు పట్టి ఆకులు తినేస్తున్నాయి. వేపనూనె కొడదామంటే మా పాప వద్దని అడ్డం పడుకుంది. ఏం చెయ్యమంటారు?

మాస్టారు: ఎలా ఉన్నాయమ్మా? పిట్ట రెట్టలాగా, నలుపు మీద తెల్లటి పట్టీతోనా?

శ్రోత: అవునండీ! మొదట రెట్టే అనుకున్నా. అది కదిలింది.

మాస్టారు: పిట్టలు కూడా అలాగే అనుకోవాలనే దాని వేషం. రెట్టను ఎవరు తింటారు? అవి సీతాకోకచిలుక పిల్లలు. నిమ్మ, కరివేపాకు మీద గుడ్లు పెట్టే రకం. ఇంకాస్త పెరిగాక వేషం మార్చి ఆకుపచ్చగా అవుతాయి. అప్పుడు చీపురుపుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు బయటికి తీస్తాయి, ఒక ఘాటు వాసన. మీ పాపకి ఒక్కసారి చూపించండి, మాటిమాటికీ వద్దు.

శ్రోత: మరి నా పులుసులోకి కరివేపాకు?

మాస్టారు: నెల రోజులు కూరగాయల కొట్లో తెచ్చుకోండి. గుడ్డు నుంచి సీతాకోక దాకా ఇంచుమించు నెలే. తినడం ఆపేశాక పురుగు ఏ కొమ్మకో అంటుకుని గూడుగా మారుతుంది. దాని నడుముకి ఒక సన్నటి దారం కనపడుతుంది, తాటిచెట్టు ఎక్కేవాళ్ళు మోకు వేసుకుని వెనక్కి వాలతారే, అచ్చం అలా. అక్కణ్ణుంచి రోజూ పొద్దున్నే చూడమనండి, ఎక్కువగా పొద్దుటిపూటే బయటికొస్తాయి. పెరడు లేదని బాధపడకండి, ఎకరం తోటున్నవాళ్ళు కూడా ఇది చూసి ఉండరు.

శ్రోత: ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ ఉందండీ, దాంతో...

మాస్టారు: వాడండి, చివర్లో. పేరు తెలియగానే పిల్లలు చూడ్డం ఆపేస్తారు. ముందు పాపనే ఒక పేరు పెట్టమనండి.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒక నాన్నగారు.

శ్రోత (ఖమ్మం): సార్, మునగచెట్టు మాను మీద గొంగళి పురుగులు గుంపుగా ఉంటే మావాడు చెయ్యి వేశాడు. ఒళ్ళంతా దద్దుర్లు. ఇప్పుడు మా ఆవిడ పెరటి తలుపుకి తాళం వేసింది.

మాస్టారు: ఆవిడ కోపంలో న్యాయముంది. ఆ నూగు చాలా చెడ్డది. తగిలినప్పుడు రుద్దకూడదు. సెల్లోటేపు అంటించి పీకితే నూగు దాంతో వచ్చేస్తుంది, తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం నేరుగా డాక్టరు దగ్గరికే. పగలు అవి మాను మీద గుంపుగా ఉంటాయి, రాత్రి ఆకులు తినడానికి పైకెళ్తాయి. కాబట్టి తీయించాలంటే పగలే, పెద్దవాళ్ళ చేత.

శ్రోత: తాళం తీయించమంటారా?

మాస్టారు: ముందు మీరిద్దరూ కలిసి పెరడంతా ఒక చుట్టు తిరగండి. పచ్చగన్నేరు ఉందా? దాని కాయ పిల్లల ప్రాణం తీస్తుంది, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఉమ్మెత్త, ఆముదం గింజలు, గురివింద గింజలు కూడా అంతే. ఎర్రగా ముద్దుగా ఉంటాయి కాబట్టి గురివిందతో ఎక్కువ భయం. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. అవి ఎక్కడున్నాయో మీవాడికి కూడా చూపించండి. దాచిపెడితే వేరేవాళ్ళింట్లో తింటాడు. అడగకుండా ఏదీ నోట్లో పెట్టకూడదు, నూగున్న పురుగుని ముట్టుకోకూడదు. ఈ రెండూ ఒప్పుకుంటే తాళం తీయమని అమ్మని వాణ్ణే అడగమనండి.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోవస్తోంది. చివరి ఫోన్... వినుకొండ నుంచి. హలో?

శ్రోత (వినుకొండ): హలో... నేను రెండో తరగతి.

వ్యాఖ్యాత: అబ్బో! అడుగు నాన్నా.

చిన్నారి: మా నాయనమ్మ రాత్రిపూట చెట్టుని ముట్టుకోవద్దంటుంది. నిద్రపోతుందంట. మా అన్నయ్యేమో చెట్లు నిద్రపోవంటాడు. ఎవరు కరెక్టు?

మాస్టారు: మీ ఇంట్లో ఏ చెట్టుంది తల్లీ?

చిన్నారి: చింతచెట్టు. పెద్దది.

మాస్టారు: అయితే నాయనమ్మకే ఓటు. నువ్వు నిద్రపోయినట్టు కాదులే, కానీ చింతాకులు పొద్దుపోయాక జతజతలుగా ముడుచుకుంటాయి, పొద్దున్నే విచ్చుకుంటాయి. ఒక్కో చిట్టి ఆకు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. దాంట్లో నీళ్ళు అటూ ఇటూ జరుగుతుంటే ఆకు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అత్తిపత్తిని ముట్టుకుంటే ముడుచుకుంటుందే, దానికీ అంతే. రోడ్ల పక్క నిద్రగన్నేరు చెట్టుకి ఆ పేరు అందుకే పెట్టారు.

చిన్నారి: ఎన్నింటికి నిద్రపోతుంది?

మాస్టారు: అది నాకు తెలీదమ్మా, మీ చెట్టు కదా. మీ వాకిట్లో వీధిలైటుందా?

చిన్నారి: ఉంది. చెట్టుకి ఇటుపక్క.

మాస్టారు: అయితే లైటు పక్కన ఉన్న ఆకులు, చీకటి పక్కన ఉన్న ఆకులు ఒకేసారి ముడుచుకుంటాయా? గడియారం చూసి రాసిపెట్టు. ముట్టుకోకుండా, నాయనమ్మ చెప్పినట్టే.

చిన్నారి: ఇప్పుడు టైమెంత?

వ్యాఖ్యాత: ఆరు ముప్పై రెండు.

చిన్నారి: ఉండండి.

వ్యాఖ్యాత: హలో? ...హలో, నాన్నా?

(ఫోన్‌లో తలుపు చప్పుడు, దూరంగా "నాయనమ్మా, టార్చిలైటు!" అన్న కేక.)

మాస్టారు: పెట్టెయ్యకండమ్మా, లైన్ ఉంచండి. తిరిగొచ్చి చెప్తుందేమో.